ప్యాకెట్ మీద ‘జీఎం’ అని ఎందుకు కనిపించదు? తరచుగా అడిగే ప్రశ్నలు

జన్యుమార్పిడి (జీఎం) ఆహారం గురించి మన దగ్గర మాట మొదలైతే చాలు, అది మంచిదా చెడ్డదా అన్న వాదనలోకే పోతుంది. అంతకంటే ముందు తేలాల్సిన విషయం ఒకటుంది. మనం తింటున్నది జీఎం అవునో కాదో మనకు చెప్పాలా, వద్దా? చెప్పాల్సిందేనని నేను గట్టిగా నమ్ముతాను. మన చట్టమూ చాలావరకు అదే అంటోంది. అయినా ప్యాకెట్ మీద ఆ అక్షరాలు కనిపించవు. ఎందుకో ఈ ప్రశ్నల్లో చూద్దాం.

జీఎం ఆహారం అంటే ఏమిటి? హైబ్రిడ్ టమాటా కూడా జీఎమ్మేనా?

కాదు. హైబ్రిడ్ అంటే ఒకే పంటలోని రెండు రకాలను పుప్పొడితో కలిపి తీసిన విత్తనం. మన బజార్లో దొరికే టమాటా, మిర్చి, బెండ చాలావరకు హైబ్రిడ్లే. జన్యుమార్పిడిలో జరిగేది వేరు. సాధారణంగా వేరే జీవి నుంచి తీసుకున్న జన్యువును ప్రయోగశాలలో మొక్కలోకి చొప్పిస్తారు. బీటీ పత్తిలో ఉన్నది నేలలో బతికే ఒక బాక్టీరియా జన్యువు. దాని వల్ల శనగపచ్చ పురుగును చంపే ప్రొటీన్‌ను మొక్క తనే తయారు చేసుకుంటుంది.

గింజల్లేని ద్రాక్ష, పసుపు పచ్చ గుజ్జున్న పుచ్చకాయ, బాగా పెద్దగా పెరిగిన వంకాయ, ఇవేవీ జీఎం కావు. ‘ఇది నాటుది కాదు, జీఎం అయ్యుంటుంది’ అని మార్కెట్లో చాలామంది అనుకుంటుంటారు. ఆ అనుమానం సరికాదు.

మన దేశంలో ప్రభుత్వ అనుమతితో ఏ జీఎం పంటలు పండుతున్నాయి?

రైతుల పొలాల్లో వాణిజ్యపరంగా సాగవుతున్నది ఒక్క పత్తే. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. రెండు బీటీ జన్యువులున్న రకాలు 2006లో వచ్చాయి. ఇప్పుడు దేశంలో పత్తి సాగులో 90 శాతానికి పైగా బీటీయే.

బీటీ వంకాయ గడప దాకా వచ్చి ఆగిపోయింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో ప్రజల అభిప్రాయం విని, 2010 ఫిబ్రవరి 9న దాన్ని నిలిపేశారు. జీఎం ఆవాలు డీఎంహెచ్-11కు 2022 అక్టోబరులో పర్యావరణ అనుమతి దొరికినా వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరి ఆగింది.

పత్తి బట్టకు కదా, మన తిండికి దానితో ఏం సంబంధం?

అసలు సంబంధం ఇక్కడే ఉంది, చాలామందికి తెలియనిదీ ఇదే. క్వింటా పత్తిని జిన్నింగ్ చేస్తే అందులో దూది సుమారు మూడో వంతే. మిగిలిందంతా దాదాపు గింజే. ఆ గింజను ఆడితే నూనె వస్తుంది, చెక్క వస్తుంది. చెక్క గేదెల దాణాకు పోతుంది. నూనెను రిఫైన్ చేసి మనుషులకు అమ్ముతారు. పత్తిగింజలో గాసిపాల్ అనే విషపదార్థం సహజంగానే ఉంటుంది. రిఫైన్ చేసినప్పుడు అది పోతుంది కాబట్టి ఈ నూనెను గానుగ నూనెలా నేరుగా వాడరు. గాసిపాల్‌కూ జన్యుమార్పిడికీ సంబంధం లేదు, పాతకాలపు పత్తిలోనూ అది ఉండేది.

గుజరాత్‌లో పత్తిగింజల నూనె ఇళ్లలో రోజూ వాడే వంటనూనె. మన వైపు సీసా మీద పెద్దక్షరాలతో ఆ పేరు పెట్టి అమ్మడం తక్కువ. చిరుతిళ్లు వేయించడానికి, వనస్పతి తయారీకి, కలిపిన నూనెల్లోకి అది వెళ్తుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు, ఆదిలాబాద్‌కు, గుంటూరు చుట్టుపక్కల మిల్లులకు వచ్చే పత్తి దాదాపు అంతా బీటీయే. కాబట్టి ఆ గింజ నుంచి తీసిన నూనె జీఎం పంట నుంచి వచ్చిన ఆహారమే. దేశంలో రెండు దశాబ్దాలకు పైగా జనం దాన్ని తింటూనే ఉన్నారు. డబ్బా మీద మాత్రం ఆ సంగతి ఉండదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కలుపు మందును తట్టుకునే పత్తి, అంటే హెచ్‌టీ పత్తికి మన దేశంలో అనుమతి లేదు. అయినా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రల్లో దొంగచాటుగా ఆ విత్తనం అమ్ముడుపోతోంది. ఏటా వానాకాలం ముందు పోలీసులు, వ్యవసాయాధికారులు ఆ ప్యాకెట్లు పట్టుకున్న వార్తలు మనం చూస్తూనే ఉంటాం. చేలోంచి వచ్చిన పత్తి మిల్లులో కుప్ప పడ్డాక ఏ గింజ ఎవరి చేలోదో ఎవరూ వేరు చేయరు. అనుమతించిన బీటీకి పర్యావరణ కమిటీ పరీక్షలైనా జరిగాయి. హెచ్‌టీకి ఆ అనుమతి కూడా రాలేదు. దాని గింజ నూనె గురించి లేబుల్ దేవుడెరుగు, మిల్లు రికార్డులో కూడా ఏమీ దొరకదు.

లేబుల్ గురించి మన చట్టం ఏమంటోంది?

రెండు చట్టాలు చూడాలి.

మొదటిది ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006. దాని 22వ సెక్షన్ ప్రకారం, నిబంధనలు అనుమతించిన మేరకు తప్ప, జన్యుమార్పిడి ఆహారాన్ని తయారు చేయడం, అమ్మడం, దిగుమతి చేసుకోవడం కుదరదు. అదే సెక్షన్ జన్యుమార్పిడి ఆహారం అంటే ఏమిటో కూడా చెప్పింది. జీఎం జీవి ఉన్న ఆహారం ఒకటి. జీఎం జీవి నుంచి తయారై, అందులో ఆ జీవి లేని ఆహారం రెండోది. ఈ రెండో భాగాన్ని మర్చిపోవద్దు. పత్తిగింజల నూనె సరిగ్గా దాని కిందికే వస్తుంది.

రెండోది తూనికలు కొలతల శాఖ చూసే ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు. 2012లో వాటిని సవరించి, జీఎం ఆహారం ఉన్న ప్రతి ప్యాకెట్ ముందు భాగంలో పైన ‘జీఎం’ అనే అక్షరాలు ఉండాలన్నారు. 2013 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

చట్టంలో ఇంత స్పష్టంగా ఉంటే మరి ఏ ప్యాకెట్ మీదా ఎందుకు కనిపించదు?

2013 నియమం ఒక్క వాక్యంలో ముగిసింది. ఎంత శాతం దాటితే రాయాలి, ఎలా పరీక్షించాలి, నూనెల సంగతేమిటి అన్నవి అందులో లేవు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ చూస్తాడు. ప్యాకెట్‌లోని పిండి జన్యువుల సంగతి ఆయనకెలా తెలుస్తుంది?

ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర ఆగిపోయింది ఇంకో విధంగా. 22వ సెక్షన్ ప్రకారం ముందు జీఎం ఆహారాన్ని అనుమతించే నిబంధనలు రావాలి. అవి ఖరారు కాలేదు కాబట్టి అధికారికంగా ఆమోదం పొందిన జీఎం ఆహారమే దేశంలో లేదు. ఆమోదించినది లేదు కాబట్టి లేబుల్ వేయాల్సిన వస్తువూ లేదన్న లెక్క తయారైంది. బీటీ పత్తికి అనుమతిచ్చింది పర్యావరణ మంత్రిత్వ శాఖ కింద ఉన్న కమిటీ. అప్పటికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పుట్టనే లేదు. ఆ తర్వాతైనా పంటను అనుమతించినవాళ్లు నూనె తమది కాదన్నట్టు, ఆహారం చూసేవాళ్లు తమ ముందుకు దరఖాస్తే రాలేదన్నట్టు ఏళ్లు గడిపేశారు. ఈ రెండు కుర్చీల మధ్య నష్టపోయింది నూనె కొనే మనిషి.

దీని ఫలితం ఎలా ఉందో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 2018లో బయటపెట్టింది. బజార్లో కొన్న 65 ఆహార నమూనాలను పరీక్షిస్తే వాటిలో 32 శాతం జీఎం అని తేలింది. దొరికినవాటిలో ఎక్కువ దిగుమతి సరుకులే. దేశంలో తయారైనవాటిలో పట్టుబడింది పత్తిగింజల నూనె.

కొత్త నిబంధనల ముసాయిదాలో ఏముంది?

2021 నవంబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒక ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగింది. 2022 నవంబరులో సవరించిన ముసాయిదా మళ్లీ వచ్చింది. ముఖ్యమైనవి ఇవి: జీఎం ఆహారం తయారు చేయాలన్నా, దిగుమతి చేయాలన్నా ముందస్తు అనుమతి తప్పనిసరి. ఒక పదార్థంలో జీఎం అంశం 1 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆ సంగతి లేబుల్ మీద రాయాలి. పసిపిల్లల ఆహారంలో జీఎం పదార్థాలు వాడకూడదు.

పసిపిల్లల సంగతి రాసినందుకు మెచ్చుకోవాలి. కానీ ముసాయిదా వచ్చి ఏళ్లు గడిచినా తుది నియమావళి కాలేదు. అంతదాకా అది ఎవరినీ కట్టిపడేయదు.

ఆ 1 శాతం ఏమిటి? ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు కదా?

ఒకే లారీలో, ఒకే గోదాములో, ఒకే మిల్లులో రకరకాల ధాన్యం తిరుగుతుంది. ఎంత జాగ్రత్తపడ్డా నాలుగు గింజలు కలుస్తాయి. అలా అనుకోకుండా కలిసినదానికి చాలా దేశాలు ఒక హద్దు పెట్టుకున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో 0.9 శాతం. ఆస్ట్రేలియాలో 1 శాతం. జపాన్, అమెరికాల్లో 5 శాతం. మన ముసాయిదాలో పెట్టిన 1 శాతం యూరప్ పద్ధతికి దగ్గర, అది న్యాయమైన అంకె అనే నా ఉద్దేశం. అసలు గొడవ అంకెతో కాదు, దాన్ని దేనికి వర్తింపజేస్తారన్నదానితో.

రిఫైన్ చేసిన నూనెలో జన్యువే మిగలదంటారు. మరి లేబుల్ ఎందుకు?

జన్యువు డీఎన్‌ఏలో ఉంటుంది, నూనె అంటే కొవ్వు. రిఫైన్ చేశాక డీఎన్‌ఏ దాదాపు మిగలదు, చాలా సందర్భాల్లో పరీక్షకు అందదు. అందుకే నూనె వ్యాపారుల వాదన ఒకటే: ‘పరీక్షలో దొరకనిదాన్ని ఎలా రాయమంటారు?’ అమెరికా నియమం ఈ వాదననే ఒప్పుకుంది. బాగా రిఫైన్ చేసి, జన్యుపదార్థం కనిపించని స్థితికి వచ్చిన పదార్థానికి అక్కడ లేబుల్ తప్పనిసరి కాదు.

యూరప్ ఒప్పుకోలేదు. 2004 ఏప్రిల్ నుంచి అక్కడ అమల్లో ఉన్న నియమాల ప్రకారం జీఎం సోయా నుంచి తీసిన నూనె అయితే చాలు, అందులో డీఎన్‌ఏ ఉన్నా లేకున్నా రాయాల్సిందే. పరీక్షకు బదులు కాగితాలు చూస్తారు. విత్తనం నుంచి షాపు దాకా ప్రతి చేతికీ సరుకుతో పాటు ‘ఇది జీఎం నుంచి వచ్చింది’ అన్న రాతపూర్వక సమాచారం వెళ్లాలి. ఆ రికార్డును అయిదేళ్లు దాచాలి.

ఇది మన దగ్గర సాధ్యం కాదని ఎవరైనా అంటే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూపించండి. శాకాహారమని చెప్పే ఆ చుక్కను ఎవరూ ప్రతి బిస్కెట్టునూ ల్యాబ్‌లో పరీక్షించి వేయడం లేదు. ఏ సరుకు ఎక్కడి నుంచి కొన్నాడో తయారీదారుకు తెలుసు కాబట్టి వేస్తున్నాడు. అబద్ధం చెబితే చట్టం పట్టుకుంటుంది. కోట్లమంది ఆ చుక్కను నమ్మి తింటున్నారు. పత్తిగింజల నూనె విషయంలో పని ఇంకా తేలిక. దేశంలో పత్తి దాదాపు అంతా బీటీ అయినప్పుడు ఆ నూనె దేని నుంచి వచ్చిందో ఊహించే అవసరం కూడా లేదు.

పైగా మన 22వ సెక్షన్ యూరప్ దారిలోనే ‘జీఎం నుంచి తయారై, అది లేని ఆహారం’ అని స్పష్టంగా రాసింది. నూనెకు మినహాయింపు ఇస్తే అది చట్టం స్ఫూర్తికి విరుద్ధం.

సుప్రీంకోర్టు దీని మీద ఏమన్నా చెప్పిందా?

చెప్పింది. కానీ పత్రికల్లో ఆ భాగం మరుగున పడిపోయింది. 2024 జులై 23న జీఎం ఆవాల కేసులో జస్టిస్ బి.వి.నాగరత్న, జస్టిస్ సంజయ్ కరోల్ భిన్నమైన తీర్పులిచ్చారు. ఆవాల అనుమతి చెల్లదని ఒకరు, చెల్లుతుందని మరొకరు అన్నారు. కానీ కొన్ని విషయాల్లో ఇద్దరూ ఒక్కటే మాట చెప్పారు. జీఎం పంటల మీద జాతీయ విధానం ఉండాలన్నది ఒకటి. దిగుమతి చేసుకునే జీఎం ఆహారం, ముఖ్యంగా జీఎం వంటనూనెల విషయంలో ఆహార భద్రత చట్టంలోని 23వ సెక్షన్ పాటించాలన్నది ఇంకొకటి. 23వ సెక్షన్ ప్యాకింగ్, లేబులింగ్‌కు సంబంధించినది. లేబుల్ కోరేవాళ్ల చేతిలో ఇంతకంటే బలమైన కాగితం లేదు.

దిగుమతి అయ్యే సరుకుల మాటేమిటి?

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 ఆగస్టులో ఒక ఉత్తర్వు ఇచ్చింది. వరి, గోధుమ, మొక్కజొన్న, సోయా, యాపిల్, బొప్పాయి, బంగాళదుంప, టమాటా వంటి 24 పంటల సరుకు బయటి నుంచి వస్తే, ఎగుమతి చేసే దేశం నుంచి అది జీఎం కాదన్న ధ్రువపత్రం ఉండాలి. 2021 మార్చి 1 నుంచి అది అమలైంది. ఇక్కడా 1 శాతం సడలింపు ఉంది.

అయితే ఆ ఉత్తర్వు పంట రూపంలో వచ్చే సరుకుకే. నూనెలకు, ప్యాకెట్లలో వచ్చే తయారీ ఆహారానికి వర్తించదు. మనం దిగుమతి చేసుకునే సోయా నూనెలో చాలా భాగం అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వస్తుంది. అక్కడ పండే సోయా దాదాపు అంతా జీఎం.

మా ఇంట్లో వాడే నూనె జీఎం నుంచి వచ్చిందా? ఎలా తెలుసుకోవాలి?

వేరుశనగ, నువ్వులు, కొబ్బరి, తవుడు నూనెలకు, పామాయిల్‌కు టెన్షన్ అక్కర్లేదు. మార్కెట్లో ఉన్న ఈ నూనెలు జీఎం పంటలవి కావు. మన దేశంలో పండే ఆవాలు కూడా కావు. ఉక్రెయిన్, రష్యాల నుంచి వచ్చే పొద్దుతిరుగుడు నూనె కూడా కాదు.

జీఎం నుంచి వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవి మూడు: పత్తిగింజల నూనె, దిగుమతి సోయా నూనె, కెనడా నుంచి వచ్చే కనోలా (ఆవాల జాతి గింజ) నూనె.

ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చదవండి. ఊరికే ‘వెజిటబుల్ ఆయిల్’ అని రాసి వదిలేయడం మన నిబంధనల ప్రకారం కుదరదు, ఏ నూనో పేరు చెప్పాలి. మిక్చర్, చిప్స్ ప్యాకెట్లలో ‘కాటన్‌సీడ్’ అన్న మాట కోసం చూడండి. రెండు నూనెలు కలిపిన ‘బ్లెండెడ్’ డబ్బా అయితే ఏది ఎంత శాతమో డబ్బా మీదే ఉంటుంది. చాక్లెట్లలో ‘ఎమల్సిఫయర్ 322’ అని ఉంటే అది లెసిథిన్, ఎక్కువగా సోయాదే. దిగుమతి చాక్లెట్ అయితే జీఎం సోయా కావచ్చు.

‘జీఎం’ అన్న అక్షరాలు రాకున్నా, ఈ పేర్లు చదవడం అలవాటైతే సగం సంగతి మీకే తెలిసిపోతుంది.

మీల్ మేకర్, స్వీట్ కార్న్, బొప్పాయి?

మన దేశంలో జీఎం సోయా, జీఎం మొక్కజొన్న, జీఎం బొప్పాయి సాగుకు అనుమతి లేదు. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర సోయాతో చేసిన మీల్ మేకర్, మన రైతుబజారు స్వీట్ కార్న్, బొప్పాయి జీఎం కావు. అమెరికాలోని హవాయిలో మాత్రం జీఎం బొప్పాయి పండుతుంది.

వంకాయ విషయంలో ఒక చిన్న మాట. బంగ్లాదేశ్ 2013లో బీటీ వంకాయకు అనుమతిచ్చింది. 2019లో హర్యానాలోని ఫతేహాబాద్ జిల్లాలో అక్రమంగా పండిస్తున్న బీటీ వంకాయ బయటపడింది. విత్తనం సరిహద్దులు, చెక్‌పోస్టులు చూడదు కాబట్టి అప్పుడప్పుడు కూరగాయలనూ పరీక్షించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

పత్తి చెక్క తిన్న గేదె పాలు, జీఎం సోయా తిన్న కోడి గుడ్లు?

వీటికి యూరప్‌లో కూడా లేబుల్ అడగరు. అమెరికా చట్టం అయితే వీటిని మినహాయిస్తున్నట్టు స్పష్టంగానే రాసింది. దాణాలోని జన్యువు పశువు కడుపులో అరిగిపోతుంది, పాలు, గుడ్లు జీఎం అయిపోవు.

మన దేశంలో ఈ చర్చ 2021లో వచ్చింది. సోయా చెక్క ధర మండిపోవడంతో కోళ్ల పరిశ్రమ అడిగితే, కేంద్రం ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జీఎం సోయా చెక్క దిగుమతికి అనుమతిచ్చింది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందుండే ఆంధ్రప్రదేశ్‌కు ఇది దగ్గరి విషయం. దాణా బస్తా మీద మాత్రం లేబుల్ ఉండాలంటాను. కొనే రైతుకు తెలియాలి కదా.

సూటిగా చెప్పండి, జీఎం ఆహారం ఆరోగ్యానికి ప్రమాదమా?

ప్రస్తుతం అంతర్జాతీయ మార్కెట్లో ఉన్న జీఎం ఆహారాలు భద్రతా పరీక్షలు దాటాయనీ, వాటి వల్ల ఆరోగ్యానికి ముప్పు వచ్చే అవకాశం తక్కువనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే ‘జీఎం అంతా ఒకటే’ అని తేల్చకూడదు, ఒక్కొక్కదాన్ని విడిగా పరీక్షించాలని కూడా అదే సంస్థ అంటోంది. రెండు మాటలనూ కలిపి వినాలి. పత్తిగింజల నూనె తిన్నవాళ్లకు జబ్బులు వస్తాయని వాట్సాప్‌లో తిరిగే సందేశాలు నమ్మకండి, పంపకండి.

విడిగా పరీక్షించడం ఎందుకంటే, 1990లలో పోషకం పెంచడానికి బ్రెజిల్ నట్ జన్యువును సోయాలో పెట్టారు. పరీక్షిస్తే ఆ గింజ పడనివాళ్లకు ఈ సోయా కూడా పడదని తేలింది. అది మార్కెట్‌కు రాకుండానే ఆపేశారు. 2000లో అమెరికాలో పశువుల దాణాకు మాత్రమే అనుమతి ఉన్న స్టార్‌లింక్ అనే జీఎం మొక్కజొన్న మనుషులు తినే టాకో షెల్స్‌లో దొరికింది. దుకాణాల నుంచి సరుకు వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. ఏది ఎక్కడికి వెళ్లిందో రాసి ఉంటేనే ఇలాంటప్పుడు వెతికి పట్టుకోగలం. లేబుల్ వల్ల కలిగే అతి పెద్ద ఉపయోగం ఇదే.

అందుకే లేబుల్ అంటే పుర్రె గుర్తు కాదు. పదార్థాల జాబితాలో చక్కెర అని రాసినట్టు, ఇది కూడా ఒక సమాచారం.

లేబుల్ పెడితే పత్తి రైతుకు దెబ్బ తగలదా? ధరలు పెరగవా?

ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. యూరప్‌లో లేబుల్ వచ్చాక చాలా కంపెనీలు, ‘జీఎం’ అని రాయడం ఇష్టంలేక ఆ పదార్థాలే మానేశాయి. ఇక్కడ కూడా పత్తిగింజల నూనెకు గిరాకీ తగ్గితే గింజ ధర తగ్గుతుంది, ఆ భారం చివరికి పత్తి ధర మీద పడుతుంది. బీటీ తప్ప వేరే విత్తనం షాపులో దొరకని స్థితికి రైతును తెచ్చింది కంపెనీలు, ప్రభుత్వాలు. ఆ బరువు అతని నెత్తిన వేయకూడదు.

కానీ కొనేవాడికి దాచిపెట్టి రైతును కాపాడటం పద్ధతి కాదు. ‘బీటీ పత్తిగింజల నుంచి తీసిన నూనె’ అని మామూలు అక్షరాల్లో, భయపెట్టే రంగులు లేకుండా రాస్తే జనం అర్థం చేసుకుంటారు. అచ్చు ఖర్చు గురించి చెప్పుకోనవసరం లేదు, ఎంఆర్‌పీ మారినప్పుడల్లా కంపెనీలు ప్యాకెట్లు కొత్తగా అచ్చు వేస్తూనే ఉన్నాయి. నిజంగా ఖర్చయ్యేది జీఎం కాని సరుకును విడిగా నిల్వ చేసి, ‘మాది జీఎం కాదు’ అని చెప్పుకోవాలనుకునేవాళ్లకు.

‘నాన్-జీఎంఓ’ అని రాసిన ఉప్పు, వేరుశనగ నూనె చూశాను. నమ్మొచ్చా?

అందులో అబద్ధం లేదు, కానీ ఉపయోగమూ లేదు. ఉప్పుకు జన్యువులే ఉండవు. జీఎం వేరుశనగ మార్కెట్లోనే లేదు. అలాంటి మాటకు అదనంగా డబ్బులివ్వకండి. సోయా, మొక్కజొన్న, పత్తి, కనోలా వీటితో చేసినవాటి మీద ఆ మాట ఉంటే దానికి అర్థం ఉంటుంది. ఆర్గానిక్ ధ్రువీకరణలో జీఎంకు చోటు లేదు కాబట్టి ‘జైవిక్ భారత్’ గుర్తు ఉన్నదాన్ని జీఎం కానిదిగా తీసుకోవచ్చు.

రాజేంద్రనగర్‌లో తయారైన కొత్త వరి ‘కమల’ కూడా జీఎమ్మేనా? దానికి లేబుల్ ఉంటుందా?

2025 మే 4న కేంద్రం రెండు జన్యుసవరణ వరి రకాలను ప్రకటించింది. రెండింటికీ మూలం మన రకాలే. బాపట్లలో పుట్టిన సాంబ మసూరిని సవరించి హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ ‘కమల’ను చేసింది. మారుటేరులో పుట్టిన ఎంటీయూ 1010ని, అంటే మన కాటన్‌దొర సన్నాలను సవరించి ఢిల్లీ పూసా సంస్థ ఇంకోటి చేసింది. వీటిలో పరాయి జీవి జన్యువు లేదు, ఉన్న జన్యువులోనే చిన్న మార్పు చేశారు. ఇలాంటివాటిని 2022 మార్చిలోనే కేంద్రం జీఎం పంటల కఠిన నియమాల నుంచి మినహాయించింది. ఆ లెక్కన వీటి మీద ‘జీఎం’ అని వచ్చే అవకాశం కనిపించడం లేదు.

ఇక్కడ వాదనకు చోటుంది. ఆహార భద్రత చట్టం జీఎం ఆహారాన్ని ‘ఆధునిక జీవసాంకేతికత’తో ముడిపెట్టింది, జన్యుసవరణ అందులోకి రాదని ఎవరనగలరు? యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2018లో జన్యుసవరణ పంటలూ జీఎం నియమాల కిందికే వస్తాయంది. జపాన్‌లో 2021లో వచ్చిన జన్యుసవరణ టమాటాకు లేబుల్ తప్పనిసరి కాకపోయినా కంపెనీ తానే రాసి అమ్మింది. మన దగ్గర బియ్యం ఎలాగూ రకం పేరుతోనే అమ్ముతాం. బస్తా మీద సాంబ మసూరి అని కాకుండా ‘కమల’ అని, పక్కన ‘జన్యుసవరణ రకం’ అని రాయడానికి ఏ అడ్డంకీ లేదు. మంచి రకమైతే ఆ పేరుకే గిరాకీ వస్తుంది.

అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ లేబుల్ ఎలా చూడాలి?

అక్కడ ‘జీఎం’ అని కాక ‘బయోఇంజనీర్డ్’ అని రాస్తారు. 2016లో చట్టం వచ్చింది, 2022 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. మాటల్లో రాయొచ్చు, ఆకుపచ్చ గుండ్రటి గుర్తు వేయొచ్చు, ఫోన్‌తో స్కాన్ చేసే కోడ్ పెట్టొచ్చు, మెసేజ్ పంపి తెలుసుకునే నంబర్ ఇవ్వొచ్చు. స్కాన్ చేయాల్సిన కోడ్ మాత్రమే ఉంటే దుకాణంలో నిలబడి ఎంతమంది చూస్తారు? పెద్దవాళ్లకు అది మరీ కష్టం.

గుర్తు లేనంత మాత్రాన జీఎం కాదని అనుకోవద్దు. రిఫైన్ చేసిన నూనెలు, షుగర్ బీట్ చక్కెర, రెస్టారెంట్ తిండి, చాలా చిన్న కంపెనీల ఉత్పత్తులు మినహాయింపులో ఉన్నాయి. అక్కడి సోయా, మొక్కజొన్న, కనోలా, షుగర్ బీట్ చాలావరకు జీఎం పంటలే. వద్దనుకుంటే అమెరికా వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) ఆర్గానిక్ గుర్తు ఉన్నవి తీసుకోండి.

మిర్చిబజ్జీ బండి, స్వీట్ షాపు, హోటల్?

వీటికి ఏ లేబులూ లేదు. ఏ నూనె వాడుతున్నారని అడగడం ఒక్కటే దారి. చాలామంది నూనె డబ్బా చూపిస్తారు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ముందు తయారీదారునే అడగండి. ప్రతి ప్యాకెట్ మీద కస్టమర్ కేర్ ఈమెయిల్ లేదా ఫోన్ ఉండాలన్నది నియమం. ‘ఈ బ్యాచ్‌లో వాడిన సోయా నూనె ఏ దేశానిది, జీఎం పంట నుంచి వచ్చిందా?’ అని రెండు లైన్లలో ఈమెయిల్ పెట్టండి. జవాబు రాతలో ఉంటుంది కాబట్టి ఫోన్ కంటే ఇది మేలు.

పదార్థాల జాబితాలో నూనె పేరు లేకపోయినా, ‘నాన్-జీఎంఓ’ అన్న మాట అబద్ధమని అనిపించినా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ప్యాకెట్ ఫొటో, బ్యాచ్ నంబరు, 14 అంకెల లైసెన్స్ నంబరు, బిల్లు జతచేయండి. తప్పుడు లేబుల్‌కు చట్టంలో 3 లక్షల రూపాయల వరకు, తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల వరకు జరిమానా ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఊళ్లో వినియోగదారుల సంఘం ఉంటే ఇంకొకటి చేయొచ్చు. జీఎం ఆహార నిబంధనలు ఏ దశలో ఉన్నాయి, పత్తిగింజల నూనె మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వైఖరి ఏమిటి, సుప్రీంకోర్టు చెప్పిన 23వ సెక్షన్ అమలుకు ఏం చేశారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రశ్నలు పొట్టిగా, ఒక్కొక్కటి విడివిడిగా నంబర్లు వేసి రాయండి, లేకపోతే ఒక్కదానికే జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు.